పన్నెండు మామిడిపళ్ళు

మొన్న మనవరాలు స్కూలునుంచి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. చదవడంలో ‘ఏ’, లెక్కల్లో ‘బి’. వాళ్ళమ్మ ఆ ‘బి’ వంక ఇంట్లో ఎవరో పోయినట్టు చూస్తూ కూర్చుంది. నేను నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. నేనూ ఒకప్పుడు ఇలాంటి పరీక్ష పాసయినదాన్నే. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అవి పందొమ్మిదివందల ఇరవైల నాటి రోజులు. నాన్న అరకు లోయకి పైన ఒక కొండ ఊళ్ళో బడిపంతులు. విజయనగరంలో ఉద్యోగం దొరక్క కొండెక్కిన మనిషి. చలిజ్వరానికీ, ఇనస్పెక్టరుగారికీ సమానంగా భయపడేవాడు. జ్వరం ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది, ఇనస్పెక్టరుగారు ఒక్కసారే వచ్చేవారు, అదే తేడా. ఆయన జిల్లా అంతటికీ ఒకటే అయిన ప్రశ్నల కాగితం పట్టుకుని వచ్చి, చదివించి, నోటిలెక్క అడిగేవారు. తప్పినవాళ్ళ పేరు పట్టీలోంచి కొట్టేస్తారు. సగంమంది తప్పితే బడే ఎత్తేస్తారు. అందుకని ఆ ఏడు పరీక్షరోజున నాన్న, తను మొద్దులనుకున్న ఐదుగురిని అడ్డాకులు కోసుకు రమ్మని పొద్దున్నే అడవికి తోలేశాడు. పాపం, మంచి ఆకులే తెచ్చారు. ఇనస్పెక్టరుగారు మధ్యాహ్నం ఆ ఆకుల విస్తట్లోనే భోంచేశారు.

బడిలో ఆడపిల్లలం ఇద్దరమే. నేనూ, మాకు రెండిళ్ళ అవతల ఉండే కొండరైతు కూతురూ. ఆడపిల్లకి చదువేమిటని ఊళ్ళో నవ్వినా ఆ రైతు పట్టించుకోలేదు. “ఫారెస్టు గార్డు కాగితం సూపిత్తాడు, యేలిముద్ర యెయ్యమంతాడు. అందులో ఏటుందో సదివి సెప్పడానికి మా ఇంట్లో ఒక మనిసుండాల బాబూ” అని నాన్నతో చెప్పి చేర్పించాడు. అచ్చు అక్షరాలు ఆ పిల్ల ఆరునెలల్లో పట్టేసింది. చేతిరాత కాగితాల్లో ఉండే గొలుసుకట్టు మాత్రం మూడో తరగతిలో గాని నేర్పరు. మేమింకా రెండులో ఉన్నాం. రోజూ అన్నం దగ్గర నాన్న, “నీకన్నా ఆ కొండగుంట నయమే” అనేవాడు. ఆ అన్నం నాకు సహించేది కాదు. అలాగని ఆ పిల్లతో ఆట మానలేదు. ఓసారి చెట్టుకింద రాలిన మామిడిపిందె నోట్లో పెట్టుకోబోతే నా చెయ్యి పట్టుకుని లాగేసింది. “కొత్త పండగ అవకండా ముట్టకూడదే! అమ్మోరికి కోపమొత్తాది” అంది. ఆ కొండల్లో అంతే. కొత్త మామిడికాయ అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ కొయ్యరు, తినరు, పంచుకోరు.

ఇనస్పెక్టరుగారు డోలీలో వచ్చారు. వెట్టికి మోసిన నలుగురిలో ఆ పిల్ల తండ్రి ఒకడు. చెమట తుడుచుకుంటూ బడి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. చదవడంలో నేను రెండుచోట్ల తడబడ్డాను. ఆ పిల్ల గడగడా చదివితే ఇనస్పెక్టరుగారు కాగితంలోంచి తలెత్తి చూశారు. తరవాత లెక్క అడిగారు. పన్నెండు మామిడిపళ్ళు నలుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?

“ఒక్కటీ రాదండి” అంది ఆ పిల్ల. “ఇంకా కొత్త పండగ అవనేదు కదండి. అమ్మోరికి పెట్టకండా ఎలాగ పంచుతారు?”

“నేనడిగింది లెక్క, పండగ కాదు” అంటూ ఆయన సున్నా చుట్టారు. గుమ్మం దగ్గర్నించి తండ్రి, “మా గుంట సరిగ్గానే సెప్పినాది బాబూ” అన్నాడు. “అయితే నీకూ సున్నాయే” అని ఆయన నవ్వారు. ఆయన నవ్వారు గనక నాన్న కూడా నవ్వాడు.

తరవాత నన్నడిగితే మూడు అన్నాను. తప్పు చెప్పినవాళ్ళని ఒప్పు చెప్పినవాళ్ళు కొట్టాలని ఆనాటి బళ్ళలో ఆచారం. ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప వాయించాలి. నాన్న “ఊఁ, వెయ్యి” అన్నాడు. తండ్రి చూస్తుండగా నా బలమంతా పెట్టి కొట్టాను. ఆ పిల్ల ఏడవలేదు. నేనేదో చెబుతానన్నట్టు నా మొహంలోకి చూసింది. పండగ అయిపోయిందనుకుని చెప్పమంటే చాలు, అది తడుముకోకుండా మూడు అనేది. ఆ సంగతి నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు. నాన్న భయపడి ఊరుకున్నాడు. నేను సంతోషపడి ఊరుకున్నాను.

పట్టీలోంచి ఆ పిల్ల పేరు కొట్టేశారు. బడి నిలబడింది. వానల్లో నాన్న జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా ఉన్న రోజున గార్డు వాళ్ళింటికి కాగితం తెచ్చాడు. అంతా గొలుసుకట్టు. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసిందట, ఒక్క ముక్క అర్థం కాలేదట. రెండిళ్ళ అవతల, మూడో తరగతిలో గొలుసుకట్టు నేర్చుకుంటూ నేనున్నాను. నా దగ్గరికి రాలేదు. ఎందుకొస్తుంది? తండ్రి వేలిముద్ర వేశాడు. కొండవాలులో తాము దున్నుకుంటున్న నేలని ఇష్టపడి వదులుకుంటున్నామని ఆ కాగితంలో ఉందని తరవాత తెలిసింది. చోళ్ళు మోకాలెత్తు ఎదిగిన చేను వదిలేసి, కుండలు నెత్తిన పెట్టుకుని మా వాకిలి ముందునించే పోయారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

అరవై ఏళ్ళు దాటాయి. ఆ ఊరి దారి మరిచిపోయాను, ఆ పిల్ల మొహం కూడా సరిగ్గా గుర్తురావడంలేదు. కొట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం మాత్రం నిన్నటిదిలా ఉంది. ఇన్ని తీసుకుపోయిన కాలం దాన్ని ఎందుకు నాకే వదిలేసిందో!