గోడవార జాగ

నిజామాబాద్‌లో ఒక పసుపు గోదాములో నన్ను మేస్త్రిగా పెట్టింది నా భర్త చనిపోయిన మూడో ఏడు, కొత్త పసుపు మార్కెట్‌కు రావడం మొదలైన మాఘంలో. అంతకుముందు ఆరేళ్లు అక్కడే చాట పట్టుకుని కూర్చున్నాను. నాకు సంతకం తప్ప అక్షరం రాదు. నేను చెబుతుంటే మా అక్క మనుమరాలు రాస్తోంది.

మేస్త్రి అంటే కొమ్ములు ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లకు పెద్ద. పాలిష్ అయి వచ్చిన పసుపు కొమ్ములను చాటలో పోసుకుని పుచ్చు ఏరాలి. పుచ్చు అంటే పురుగు తొలిచిన కొమ్ము. పైకి బాగానే ఉంటుంది, సూదిమొనంత బెజ్జం ఒక్కటే దాని గుర్తు. అది బస్తాలో పడిందంటే మిగతా వాటికీ పురుగు పడుతుంది.

నేను మేస్త్రినైన పదిహేను రోజులకే, పుచ్చు ఉందని నాలుగు బస్తాలు వెనక్కి వచ్చాయి. గుమాస్తా ఖాజా సాబ్ నన్ను పిలిచాడు.

"ఎవరి చాటదో పేరు చెప్పు గంగవ్వా, రేపటిసంది ఆమెను రావద్దని చెప్త. నీతోని కాదంటే నువ్వే మళ్ల చాట పట్టు."

మూడు రోజులు గడువు అడిగాను.

రెండు రోజులు ఎవరినీ ఏమీ అనకుండా ప్రతి చాటనూ రెండోసారి నేనే చూశాను. పుచ్చు ఎక్కువ మిగులుతున్నది రాజవ్వ చాటలో. మా అందరికన్నా పెద్దది. బోధన్ దిక్కు చెరుకు పనులు తగ్గాక ఇటు వచ్చి ఒక్కతే బతుకుతోంది. నాకు ఏరడం నేర్పింది ఆమే. పేరు చెబితే ఆమెకు కూడు లేదు. చెప్పకపోతే బస్తాలు మళ్లీ తిరిగొస్తాయి.

మూడో రోజు రాజవ్వ జ్వరమని రాలేదు. గోడవార ఆమె చోట నేను కూర్చుని ఒక చాట ఏరాను. కొత్తగా చేరిన సుల్తానాను చూడమంటే, వాకిట్లోకి తీసుకుపోయి అందులోంచి ఐదు పుచ్చులు తీసింది.

"నీ పేరు గూడ చెప్పాల్నా అక్కా, సాబ్‌కు?" అని నవ్వింది.

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. పాతవాళ్లకు గోడవార జాగ ఇవ్వడం మా గోదాములో ఆనవాయితీ. నడుము ఆనించుకోవచ్చు కాబట్టి అది మర్యాద. కొత్తవాళ్లు వాకిట్లో, చెప్పుల పక్కన. వెలుగంతా వాకిట్లోనే. అంటే చూపు తగ్గినవాళ్లను మేమే మర్యాదగా చీకట్లో కూర్చోబెడుతున్నాం. వాకిట్లో సగం జాగ బస్తాలది, లారీకి దగ్గరని.

బస్తాలను గోడవారకు, మనుషులను వాకిట్లోకి మార్చాలని ఖాజా సాబ్‌తో చెప్పాను.

"హమాలీలు ఇనరు. గంత దూరం మోయలేమంటరు."

ఆయన చేతికి చాట ఇచ్చి గోడవార కూర్చోమన్నాను. అద్దాలు తుడుచుకుని ఏరాడు. ఆ చాటను వాకిట్లోకి తెచ్చి, మిగిలిన పుచ్చులను ఆయన ముందే పెట్టాను. హమాలీలతో ఆయనే మాట్లాడుకున్నాడు.

రాజవ్వను ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. మర్నాడు వచ్చి వాకిట్లో తన చాట చూసి నిలబడిపోయింది.

"మేస్త్రివైనంక నాకు చెప్పులకాడ జాగ సూపెడ్తున్నవా గంగూ? నీ ఇంట్ల పెండ్లికి పిలిచి గూడ గిట్లనే కూసోబెడ్తవా?"

అందరూ చేతులాపి చూస్తున్నారు. ఆమె చూపు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ పూటే వెళ్లిపోయేది. నా చాట తెచ్చుకుని చెప్పుల పక్కన నేనే కూర్చున్నాను.

"గోడకాడ నా చాటల ఐదు మిగిలినయి అక్కా. సాబ్ చాటల గూడ మిగిలినయి. నువ్వు నా పక్కన కూసోని, అందరం ఏరినంక ఆఖరుకు నువ్వే ఒక్కపారి చూడాలె."

"గోడ లేకుంటే నా నడుము నువ్వు మోస్తవా?"

ఊక నింపిన సంచి తెప్పించి వెనక పెట్టించాను. దాన్ని రెండుసార్లు తట్టి చూసి, "జర జరుగు" అని కూర్చుంది.

వెలుగులో ఆమె చాట దాదాపు శుభ్రంగా వచ్చింది. ఆ ఏడు మళ్లీ బస్తాలు తిరిగి రాలేదు. రాజవ్వ మాత్రం నెల రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు మేస్త్రిగా చేసి, మోకాళ్ల నొప్పులతో మానేశాను. ఎవరి పనిలో తప్పు కనిపించినా ముందు వాళ్ల చోట కూర్చుని అదే పని చేసి చూశాను. అప్పటికీ తప్పు మనిషిదే అని తేలితే పక్కకు పిలిచి చెప్పాను. అట్లా చెప్పినా మారని ఇద్దరి పేర్లు నేనే సాబ్‌కు చెప్పాను.