సినిమా జేజి ఆడిన వాన నాటకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు ఇద్దరు జేజులు ఉండేవాళ్ళు. మా వైపు నాయనమ్మను జేజి అంటారు. ఒకామె సొంత జేజి. రెండో ఆమె మా తాత చెల్లెలు, అంటే మా నాయనకు మేనత్త. మద్రాసులో సినిమాల్లో వేషాలు వేసి వేసి, అక్కడ ఇక పిలిచే దిక్కు లేక, ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చింది. ఆమెను నేను సినిమా జేజి అనేదాన్ని. ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా చివరికి అదే పేరు ఖాయం చేశారు.

మాది నల్లమాడకు దగ్గర పల్లె. ఎర్రనేల, వేరుశెనగ పంట, ఆకాశం వైపు చూసే బతుకు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు గాని, మా ఊళ్ళో ప్రాణం పోకడైనా కాస్త ముందు తెలిసేది. వాన సంగతి మాత్రం దేవుడు కూడా చెప్పలేకపోయేవాడు.

వానలు తప్పిన ఏడు మా ఊరివాళ్ళు ఒక నాటకం కట్టేవాళ్ళు. రాజ్యం పోయిన రాణి ఒకామె పరాయి కొలువులో దాసిగా చేరుతుంది. అక్కడ ఆమెకు అవమానం జరుగుతుంది. నిండు సభలోకి వచ్చి న్యాయం అడుగుతుంది. రాజు నోరు మెదపడు, సభా మెదపదు. అందరికీ తెలిసిన కథే. ఆ ఘట్టంలో రాణి కంట నీరు కారితే ఆకాశం కూడా ఓర్చుకోలేదని మావాళ్ళ నమ్మకం. ఇంటికొక ఖాళీ కడవ తెచ్చి ఆడే చోటు చుట్టూ పెట్టేవాళ్ళు. నాటకం ముగిసేలోగా ఆ కడవల్లో చినుకు పడాలి.

సినిమా జేజి నాయన ఆ నాటకం నేర్పే గురువట. ఆ కాలంలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు. ఒక ఏడు రాణి వేషం కట్టే మనిషి చలిజ్వరంతో పడిపోతే, గోడ చాటున వింటూ పద్యాలన్నీ నోటికి తెచ్చుకున్న కూతురికే రంగు పూసి నిలబెట్టాడు. ఆమె ఏడ్చింది. వాన కురిసింది. కడవలు పొర్లిపోయాయని మా సొంత జేజి చెప్పేది. కడవలు పొర్లేంత వాన మా ఊళ్ళో నేనైతే పుట్టి బుద్ధెరిగాక చూడలేదు గాని, చెప్పుకోవడానికేం, బాగానే ఉంటుంది.

ఆ ఒక్క వానతో ఆమె దారి వేరైపోయింది. ముఖాన రంగు పూసుకున్న పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. బళ్ళారి వైపు నుంచి ఒక నాటకాల కంపెనీ వాళ్ళు మాత్రం బండి కట్టుకుని వచ్చారు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగింది. ఆమె పద్యం ఎత్తుకుంటే వెనక వరసలో కునుకు తీసేవాళ్ళు లేచి కూచునేవారట. తర్వాత మద్రాసు పిలిచింది. సినిమాల్లో మొదట రాణి, ఆ తర్వాత వదిన, ఆ తర్వాత తల్లి. తల్లి అయ్యాక ఇక ఏడుపే. కదిరి డేరా టాకీసులో ఆమె బొమ్మ పడిందంటే మా ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పోయి, కడుపారా ఏడ్చి వచ్చేది. ఆమె మా ఊరి ఆడబిడ్డ అని టిక్కెట్లు చింపేవాడికి కూడా చెప్పి వచ్చేవాళ్ళు.

నేను చెప్పబోయేది వానలు వరసగా తప్పిన ఒక ఏటి సంగతి. ఆ ఏడు తలచుకుంటే ఇప్పటికీ నాకు నోరు ఎండిపోతుంది. విత్తనం భూమిలోనే మాడిపోయింది. బావిలోకి తాడు వదిలితే రాయి తగిలిన చప్పుడు వచ్చేది. మా ఇంట్లో ఒక జత ఎద్దులు ఉండేవి, మచ్చోడు, కర్రోడు. మా నాయన మాతో కన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు. ఇంటి కప్పు మీది పాత బోదగడ్డి పీకి వాటికి మేపాడు. అది కూడా అయిపోయింది. ఆ వారం వాన పడకపోతే ఎద్దులను కదిరి సంతకు తోలుతానని ఒక పొద్దున అమ్మతో అన్నాడు. కరువు ఏట సంతలో ఎద్దులను కొనేది రైతులు కాదని నాకు కూడా తెలుసు.

ఊరి పెద్దలు వచ్చి మా అరుగు మీద కూచున్నారు. నాటకం కట్టాలని, రాణి వేషం సినిమా జేజే వేయాలని అడిగారు. ఆ వయసులో రాణి వేషమేమిటని మా సొంత జేజి గొణిగింది. పెద్దాయన ఒకాయన చేతులు జోడించాడు.

"అమ్మా, నువ్వు ఏడిస్తే వాన వచ్చినట్టు మా నాయన కండ్లారా చూసినాడంట. మద్రాసు వాళ్ళ కోసం అంత ఏడ్చినావు. మాకోసం ఒక్కసారి ఏడువు తల్లీ."

సినిమా జేజి, దీపాల వెలుగు తన కళ్ళకు పడదని, పొద్దుండగానే ఆడతానని, రాత్రి నాటకం వద్దని చెప్పి ఒప్పుకుంది. వాళ్ళు సంతోషంగా లేచి వెళ్ళారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఊళ్ళో ఎవరికీ తెలియనిది, ఆమె పక్కన పడుకునే నాకు తెలుసు. సినిమా జేజి కళ్ళలో నీళ్ళు రావు. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయి ఉండేవి. ఏదో మందు చుక్కలు వేసుకుంటే గాని విడేవి కావు. వంటింట్లో పొగ కమ్మి మేమంతా కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె ఒక్కతే ఎర్రటి పొడి కళ్ళతో కూచునేది.

ఆమె ఏడవకపోతే వాన రాదు, వాన రాకపోతే మచ్చోడూ కర్రోడూ ఉండరు. నా లెక్క అంతే. నేను దొంగచాటుగా ఆమె దగ్గరికి పోయి, నాటకం నాడు ఎర్రగడ్డ కోసి నీ కొంగులో కట్టిస్తాను జేజీ, కళ్ళు తుడుచుకున్నట్టు వాసన చూడు, అన్నాను. ఆమె పకపకా నవ్వింది. సినిమాల్లో ఒక్కసారైనా ఆమెను నవ్వనివ్వలేదు గదా, ఇంత బాగా నవ్వే మనిషిని ఎందుకట్లా చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"పిచ్చిదానా, దానికన్నా గట్టి మందు ఉండాదిలే మద్రాసులో. బొమ్మలో ఒకే సావుకు మళ్ళా మళ్ళా ఏడిపిస్తారు. సొంత నీళ్ళు అయిపోతే కండ్లల్లో మందు పోస్తారు. ఆ మందు, ఆ దీపాలు కలిసి తినేసినాయి నా కండ్లను. ఇంగ యాడివి నీళ్ళు?"

మరి వాన ఎట్లా వస్తుందని నేను ఏడుపు ముఖం పెట్టాను. అప్పుడామె ఊరివాళ్ళు ఎవరూ ఎరగని సంగతి చెప్పింది. వాళ్ళ నాయన ఎప్పుడూ పంచాంగం చూసి నాటకం పెట్టలేదట. పడమటి గాలి ఆగి, చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కడం చూసి, ఇక వాన తప్పదని తెలిసిన నాడే పెట్టేవాడట. ఆ రోజు ఆమె రంగు పూసుకుంటున్నప్పుడే కొండ మీద మోడం పట్టి, నల్లటి మబ్బు కమ్ముకుని ఉందట. ఇప్పటి పెద్దలకు నాటకం గుర్తుంది గాని చీమలను చూడటం గుర్తులేదు.

తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే మాత్రం, చూద్దువులే, అని ఊరుకుంది.

నాటకం కళ్ళంలో ఆడారు. ఆ ఏడు నూర్చడానికి ఏమీ లేని కళ్ళం. చుట్టూ కడవలు, కడవల వెనక మనుషులు. సగం మంది ఆమెను చూస్తున్నారు, సగం మంది ఆకాశాన్ని చూస్తున్నారు. ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. సినిమా జేజి పాత నేతచీర కట్టుకుని, నగ ఒక్కటి కూడా లేకుండా సభలోకి వచ్చింది. ఆ ముసలి గొంతులోంచి పద్యం లేచింది. రాజును న్యాయం అడిగింది. రాజు వేషగాడు తల దించుకున్నాడు. ఒక్కొక్కరి వైపు తిరిగి అడిగింది. ఎవరూ పలకలేదు. ఇక ఏడవాలి. నేను కళ్ళు మూసుకుని దేవుళ్ళందరికీ మొక్కాను.

ఆమె ఏడవలేదు. మా అందరినీ ఒకసారి చూసి, మెల్లగా వెనక్కి తిరిగింది. మాకు వీపు పెట్టి, చేతులు కిందికి వదిలేసి, అట్లాగే నిలబడింది. భుజం కదలలేదు, గొంతు పలకలేదు. హార్మోనియం వాయించే ఆయన ఏం చేయాలో తోచక ఆపేశాడు. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. ముందు ఒక ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత ఆమె పక్కామె. ఆ తర్వాత ఆడవాళ్ళంతా, వాళ్ళ వెనక మగవాళ్ళు. మా నాయన తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అంతకు ముందు మా నాయన కంట నీరు నేను ఎరగను. కరువు మొదలైనప్పటి నుంచి ఊళ్ళో ఎవరూ ఏడవలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

వాన రాలేదు. ఒక్క చినుకు కూడా పడలేదు. చీకటి పడే వేళకు ఎవరి కడవ వాళ్ళు చంకన పెట్టుకుని ఇళ్ళకు పోయారు.

పోతూ పోతూ ఒకాయన అననే అన్నాడు.

"ఆయమ్మ ఏడవలేదు, అందుకే రాలేదప్పా వాన. మద్రాసు వాళ్ళకయితే ఏడుస్తాది, మనకయితే ఏడవదు."

మా నాయన నడుస్తున్నవాడల్లా ఆగాడు.

"ఏడుపుకే వాన వచ్చేట్లయితే, ఇంతసేపు మనం ఏడ్చినదానికి చెరువు నిండల్ల గదన్నా. ఊరుకో."

ఆ రాత్రి నేను సినిమా జేజి మీద అలిగి అన్నం తినలేదు. ఆమె నా పక్కన కూచుని ముఖం మీది రంగు తుడుచుకుంటూ, తనకొక కూతురు ఉండేదని చెప్పింది. నా అంత పిల్లట. మద్రాసులో జ్వరంతో పోయిందట. సినిమా తల్లి సొంత బిడ్డ కోసం ఎట్లా ఏడుస్తుందో చూద్దామని వీధి వీధంతా వచ్చిందట. ఈమె కళ్ళలో నీళ్ళు లేవు. బొమ్మలో ఏడ్చినంత కూడా ఏడవలేదే అని వాళ్ళు చెవులు కొరుక్కుంటుంటే, ఆ పొడి ముఖం వాళ్ళకు చూపించలేక గోడ వైపు తిరిగిందట. తిరిగిన తర్వాత వెనక ఒక్కొక్కరే ఏడవడం వినిపించిందట.

"ఆ పొద్దు తెలిసింది నాకు. ఏడ్చేవాళ్ళను చూస్తే జనాలు చూస్తానే ఉంటారు. ఏడవలేనివాళ్ళను చూస్తే వాళ్ళే ఏడుస్తారు. ఇంట్లో మీ నాయన ఏడిస్తే మీ అమ్మకు ధైర్యం పోతాది. మీ అమ్మ ఏడిస్తే మీకు పోతాది. అందరూ బిగబట్టుకోని సస్తాండారు. వాన నేను యాడ తెచ్చేది పాపా? ఏడ్చుకునేదానికి ఒక సందు ఇచ్చినా, అంతే."

నాకు ఎద్దులు కావాలన్నాను. ఆమె నా తల నిమిరింది.

పొద్దున్నే మా నాయన ఎద్దులను కడిగి, బొట్టు పెట్టి, బయటికి తోలాడు. అమ్మ గడపలో నిలబడింది. వాకిలి దాటాక నాయన ఆగాడు. మా వైపు తిరగలేదు. మచ్చోడి మెడ మీద చెయ్యి వేసి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అమ్మ భోరుమంది. నేను కూడా. మా ఏడుపు కాస్త తగ్గేదాకా ఆయన కదలలేదు. ఆ తర్వాత సంత దారి పట్టాడు. తిరిగొచ్చేటప్పుడు భుజం మీద పలుపులు మాత్రమే ఉన్నాయి. వాటిని కొట్టంలో కొయ్యకు తగిలించాడు. అవి చాలాకాలం అట్లాగే వేలాడాయి. మా నాయన మళ్ళీ ఎద్దులను కొనలేదు, ఎవరితోనూ అంతగా మాట్లాడనూ లేదు.

పైరు కాలం దాటాక, ఎవరికీ పనికిరాకుండా, ఒక వాన కురిసింది. మరుసటి ఎండాకాలంలో సినిమా జేజి పోయింది. ఆమె కోసం ఏడవడానికి ఊరు ఊరంతా వచ్చిందని చెప్పాలని నాకు ఆశగా ఉంది. కాని ఊళ్ళో మనుషులు ఎక్కడున్నారు? సగం ఇళ్ళకు తాళాలు పడి ఉన్నాయి. కూలి కోసం బెంగళూరు పోయారు.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటాను. ఊరు అదే, ఆకాశం అదే. బావులు పోయి బోర్లు వచ్చాయి, బోర్లలోంచి నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము వస్తుంది. బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, మా ఇంటాయన మంచం పట్టి పోయిన రోజున పిల్లలు నా ముఖం వైపే చూస్తూ కూచున్నారు. నేను గోడ వైపు తిరిగాను. వెనక మా పెద్దవాడు వెక్కడం వినిపించింది, ఆ తర్వాత చిన్నది. వాళ్ళ ఏడుపు అయ్యేదాకా నేను తిరగలేదు.

మొన్న మా మనవరాలు ఫోన్లో పాత బొమ్మ ఒకటి పెట్టింది. ఎవరో తల్లి, కొడుకు శవం మీద పడి ఏడుస్తోంది. చూస్తే మా సినిమా జేజి. కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఏందవ్వా ఈయమ్మ ఇంత ఏడుస్తాండాది అని మనవరాలు నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటి కోసం, కూతురి కోసం, తన కోసం దాచుకోవలసిన నీళ్ళన్నీ ఆ బొమ్మలోనే ఉండిపోయాయి. మీట నొక్కినప్పుడల్లా అవే కారతాయి.

నా కళ్ళు కూడా ఈ మధ్య పొడిబారాయి. రోజూ మందు చుక్కలు వేసుకుంటున్నాను. గోడ వైపు తిరిగి నిలబడటం ఆమె దగ్గర బాగానే నేర్చుకున్నాను. మళ్ళీ ఇటు తిరిగేది ఎట్లాగో అడుగుదామంటే ఆమె లేదు.