రాజవ్వ ఇంటికి సున్నం

పొద్దున ఆరింటికి సికింద్రాబాదుల రైలెక్కిన. జనరల్ డబ్బాల కిటికీ సీటు దొరికింది. పోదామనుకునేటోళ్లు అరగంట ముందుగాలనే రావాలె, లేకుంటే కాజీపేట దాక నిలబడుడే.

నేను పాత కట్టడాల సంరక్షణ మీద పీజీ చదువుతున్న. తోటోళ్లంత ప్రాజెక్టుకు హవేలీలు, దర్వాజలు ఎంచుకున్నరు. నేను గోదావరిఖనిల మా పక్కింటి రాజవ్వ ఇల్లు అన్న. సారు అద్దాలు తుడుచుకుంట, "నలభై ఏళ్ల పెంకుటిల్లు. అందులో కాపాడడానికి ఏముంది?" అన్నడు.

"గోడ మీద చెయ్యి మరక ఉన్నది సార్."

రాజవ్వ పెనిమిటి మల్లయ్య కాక డ్యూటీ దిగొచ్చి, ఎనక దర్వాజ కాడ బూట్లు విప్పెటప్పుడు ఎడమ చెయ్యి గోడకు ఆనిచ్చేటోడు. ఎన్నేండ్లయినా అదే జాగ. సున్నంలకు బొగ్గు దిగి అయిదు వేళ్లు అచ్చు పడ్డయి. ఆరేండ్ల కింద బాయిల, అంటే గనిల, పైకప్పు కూలి మా కాక పోయిండు.

"ఫోటో, కొలతలు తీసుకురా. సోమవారం చూసి ఒప్పుకోవాలో లేదో చెబుతా" అన్నడు సారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని కోసం ఆ వాడ మొత్తం లేపుతున్నరు. ఇంకో ఆదివారం లేదు. రాజవ్వకు ఫోన్ చేసి, ఇంటి ఫోటోలు తీస్త అని చెప్పిన. మరక సంగతి చెప్పలే, నవ్వుతదని.

జమ్మికుంట కాడ పక్క సీటు ముసలాయన నా టేపు చూసి, "ఇల్లు కడ్తున్నవా బిడ్డా?" అన్నడు.

"లే తాతా, కూలగొట్టే ఇల్లు కొలుస్త."

"గదేం చదువు తల్లీ!" అని ఇన్ని పల్లీలు చేతుల పోసిండు.

పదిన్నరకు రామగుండంల దిగి, పది రూపాయలిచ్చి షేరింగు ఆటో ఎక్కిన. వాడల సగం ఇండ్లకు పెంకులే లేవు. మేం ఆడుకున్న జాగల మట్టిగుట్ట లేచింది. రాజవ్వ ఇల్లొక్కటే దూరంకెల్లి తెల్లగ మెరుస్తున్నది.

ఎనక దర్వాజ కాడికి ఉరికిన. అంత తెలుపే. గోటితోని గీకిన, సున్నమే రాలింది.

"అవ్వా, ఎంత పని చేసినవే! నా ఫోటోల కోసం సున్నమేసినవా? నేనొచ్చిందే మల్లయ్య కాక చెయ్యి మరక కోసం!"

రాజవ్వ కొంగుతోని చేతులు తుడుచుకున్నది. "నీ ఫోటో కోసం కాదు బిడ్డా. ఎల్లుండి మిషిన్ వస్తది. మనిషిని తానం పొయ్యకుండ సాగనంపుతమా? ఇల్లును ఎట్ల పంపాలె?"

నేను గోడ మీదికెల్లి చెయ్యి తీసిన.

"మీ కాకను మూట గట్టి తెచ్చిన్రు. తానం పొయ్యనియ్యలే. గందుకే ముందుగాల ఆ చెయ్యినే కడిగిన. బతికినన్నొద్దులు బొగ్గుల్నే ఉండె, గిప్పుడన్న తెల్లగ పోనీ."

నాకు ఏడుపాగలే. టేపు ఒక కొస ఆమె పట్టుకుంటే గోడలన్ని కొలిచిన. పప్పుచారు, మామిడి తొక్కు పచ్చడితోని అన్నం పెట్టింది. కడుపు నిండింది గానీ రుచి తెల్వలే.

నాలుగు గంటల రైలుకు వాపస్ ఎక్కిన. సారు ఒప్పుకోడు, నాకెరికే. దారి చెప్పిన గానీ, మీరు పోయేటాళ్లకు ఆ ఇల్లుండది.

కాజీపేటల చాయ తాగి సర్వే కాయితం తీసిన. అండ్ల 'కట్టడానికి జరిగిన నష్టం' అని ఒక గడి ఉన్నది. 'మరక మీద సున్నం వేశారు' అని రాసి, కొట్టేసిన. తానం పోసిన ఒంటి మీద గీకినట్టు, ఆ గోడను గీకింది నేనే గదా.

'గోటి గీత, బెత్తెడు. చేసింది నేను' అని రాసిన.