ఎత్తని తల

కొలతలు తీసేవాళ్లకో అలవాటుంది. దర్జీ కానీ, చెప్పులు కుట్టేవాడు కానీ, కొలిచేంతసేపూ మన మొహం చూడడు. ఎక్కడెక్కడ తిరిగినా ఇదే చూశాను. తిరుగుడు సంగతి ఎత్తితే నేనిక ఆగను కనుక, మిల్లీమీటరు దగ్గరికే వస్తాను.

మిల్లీమీటరంటే పందెం సైకిళ్లను మనిషి ఒంటికి సరిపోయేలా అమర్చే మేస్త్రి. మాటకోసారి "ఒక్క మిల్లీమీటరు" అంటాడని ఆ పేరు. నా పాత సైకిల్ ఎప్పుడు మూలిగినా అతని కొట్టుకే చేరతాను.

కొట్టు గోడ మీద అతని వదిన ఫోటో ఉండేది. ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. నలభై దాటాక పందేల పిచ్చి పట్టింది. మరిది ఆవిడ సైకిల్ని స్టాండుకి బిగించి, గాలికి ఒళ్లు అడ్డు పడకుండా హ్యాండిల్ దింపి దింపి, వీపుని బల్లలా పరిచేశాడు. అలా ఉండగా తీసిన ఆ ఫోటో చూసి అందరూ "మాకూ అలాగే" అనేవారు.

మొదటి పందెంలో ఆవిడ సగం దారిలోనే దిగిపోయింది. మర్నాడు నేనక్కడుండగానే సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది.

"దీన్ని ఎవరికైనా అమ్మేసెయ్ మరిదీ. రోడ్డు చూద్దామంటే తల లేవదు, మెడ నిలవదు. ఈ వయసులో ఎందుకే వేషాలని మీ అన్నయ్య ముందే అన్నారు."

"అన్నయ్యకేం తెలుసు!" అన్నాడు గానీ, మాటలో పస లేదు.

"నువ్వు బాగానే పెట్టావులే. ఒళ్లే ముసలిదైంది."

అతను గోడకేసి చూశాడు. నేనూ చూశాను. ఫోటోలో ఆవిడ కళ్లు నేల మీదున్నాయి. స్టాండు మీద తొక్కేవాళ్లు రోడ్డెందుకు చూస్తారు? ఆ వంచిన తలకే అతను హ్యాండిల్ అమర్చాడు.

తమ వంతు కోసం ఇద్దరు పందెగాళ్లు కూర్చుని ఉన్నారు. సిగ్గు గురించి పుస్తకాల్లో ఎంతో చదివాను కానీ, ముందు చెవులు ఎర్రబడతాయని అతన్ని చూశాకే తెలిసింది.

"ముసలితనం కాదొదినా. నేనే తప్పు పెట్టాను. నువ్వు తలెత్తితే ఎలా ఉంటుందో చూడనే లేదు. ఫోటో బాగా వచ్చిందని మురిసిపోయాను."

పందెగాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు.

"మరి రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నానే! దానికేం చేస్తావు?" అంది వదిన.

అతను ఫోటో తీసి బోర్లా పెట్టాడు. సైకిల్ని మళ్లీ స్టాండుకెక్కించి, హ్యాండిల్ కింద ఒక్కో రింగూ వేస్తూ పైకి లేపాడు.

"ఎదురుగా మందుల షాపు బోర్డు చదువు వదినా."

ఆవిడ మోచేతులు ఆనించి, తలెత్తి, కింది వరుస దాకా చదివింది.

"అమ్మకం సంగతి తర్వాత చూద్దాంలే. ఇటు చూడవేం మరిదీ?"

అతను బోల్టు బిగిస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది.