నల్లాల సేటు ఇంట్ల సన్నధార

ముందే చెప్తాన, గెలిచింది నేనే! నడుమ నడుమ నవ్వొస్తే నవ్వుండ్రి, తప్పులేదు. జర చాయ్ పక్కకు పెట్టి వినుండ్రి, పొలమారితే నన్ను అనొద్దు.

హన్మకొండ బజార్ల నాకు నల్లాలు, పైపుల షాపున్నది. మా బిడ్డ అత్తగారోళ్ళది కాజీపేట. మా వియ్యంకుడు రైల్వేల రిటైరయి కొత్త ఇల్లు కడుతాండు. మొన్న షాపుకొచ్చి, "బావా, నల్లాలన్నీ నీ దగ్గర్నే తీసుకుంట. గని షాపుల మెరిసేటియి చూసి కొనెటోణ్ణి గాదు. నీళ్ళు పారంగ చూడాలె" అన్నడు. నేను ఊకుంటనా? "సుబేదారి ఏరియాల మా ఇంటికే రాండ్రి బావగారూ! మా బాత్రూంల నల్లా తిప్పితే వేడినీళ్ళు వరద లెక్క వస్తయ్" అన్న. "అట్లనా? ఆదివారం టిఫిన్‌కు వస్త" అన్నడు. అయిపాయె!

శనివారం పొద్దుగాల, చూద్దామని వాష్‌బేసిన్ నల్లా చల్లటి దిక్కు తిప్పిన. దబదబ వచ్చినయ్. వేడి దిక్కు తిప్పిన. దారం లెక్క వచ్చినయ్! మా ఇంటామె సుశీల తలుపు కాడ నిలబడి చూస్తాంది.

"ఇదేనా వరద?"

"నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా?"

"ఏడ మంచిగున్నది? పండుగ ముందు సంది మొత్తుకుంటాన, సన్నగ వస్తానయని. నీకు షాపు ముచ్చట తప్ప ఇంటి ముచ్చట చెవులకు ఎక్కదాయె. ప్లంబర్‌ను పిలువరాదు?"

ప్లంబర్‌నా! ఈ ఊర్లె ప్లంబర్లందరు సామాన్లు కొనేది నా దగ్గర్నే. ఒక్కడు మా ఇంట్ల అడుగుపెట్టిండంటే, పొద్దుగూకే వరకు బజారంత పాకుతది: నల్లాల సేటు ఇంట్ల నల్లా రాదట! ఇంటిగుట్టు లంకకు చేటు అని ఊకనే అన్నరా? ఇగ ఇజ్జత్ ముచ్చటాయె. తమ్ముణ్ణి షాపుల కూసోబెట్టి, లుంగీ ఎగ్గట్టి, నేనే పానా పట్టిన.

మొదలు నల్లా మూతికుండే జాలీ ఇప్పిన. మనయి బోరు నీళ్ళు గదా, సున్నం పట్టి తెల్లగయింది. నిమ్మ ఉప్పుల నానేసి, పాత బ్రష్‌తోని తోమి పెట్టిన. అదే దారం. అయితే నల్లానే ఖరాబయిందనుకొని షాపు నుంచి కొత్తది తెచ్చి బిగించిన. అదే దారం! దానికంటె పెద్ద ఖరీదుది తెచ్చిన. అది సుత అట్లనే.

"షాపంత బాత్రూంలకు తెస్తానవా ఏంది? ఇగ జనాలు ఈడికే వస్తరు కొనుక్కునేటందుకు" అన్నది సుశీల.

నాకు ఒళ్ళు మండింది. గీజర్ మీద పడ్డ. "ఈ గీజరే తేడ!" అన్న. ఆమె వంటింట్లకు పోయి అదే గీజర్ నీళ్ళొచ్చే నల్లా తిప్పింది. దబదబ! చప్పుడు నాకు బాత్రూం దాంక వినవడ్డది. అంటే గీజర్ మంచిదే. తేడ ఉన్నది ఈ ఒక్క నల్లా కాడనే.

ఇగ గోడ కాడి వాల్వ్ బంద్ చేసి, గోడ నుంచి నల్లాకు పోయే కనెక్షన్ పైపు ఇప్పిన. గోడ దాంక నీళ్ళు వస్తానయా లేదా చూడాలె గదా! గీజర్ స్విచ్ బంద్ చేసిన, కింద బకెట్ పెట్టిన, వాల్వ్ తిప్పిన. అంత మంచిగనే చేసిన గని, మొఖం సుత అక్కడనే పెట్టిన! ఫట్టుమని కొట్టినయ్ చూడుండ్రి, గోరువెచ్చటి నీళ్ళు, ముక్కులకు, చెవులకు, లుంగీకి! "అమ్మో!" అని ఒర్లుకుంటనే నవ్విన. ఎందుకంటే దొంగ దొరికిండు. గోడల నీళ్ళున్నయ్, నల్లా కొత్తది. మిగిలింది నా చేతుల ఉన్న పైపే!

పైపు మూతిల టూత్‌పిక్ పెట్టి గెలికిన. ఒకదాని మీద ఒకటి, రెండు రబ్బరు వాషర్లు ఊడొచ్చినయ్, బూరెల లెక్క ఉబ్బి.

తల కొట్టుకున్న. ఎందుకో చెప్త. మా నాయిన కాలం సంది మా షాపుల ఒక పద్ధతున్నది. కనెక్షన్ పైపు ఎవలు కొన్నా, కొసరు కింద ఒక వాషర్ చేతుల పెడ్తం. "లోపల ఒకటుంటది, దాని మీద ఇదేస్కోండ్రి, లీకన్నదే ఉండది" అని ప్రతి ఒక్కలకు చెప్పేది సుత నేనే. మా ఇంట్ల సుత అట్లనే వేసిన. చల్లటి దిక్కు ఏం కాలే. వేడి దిక్కు మాత్రం రెండు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకొని, నడిమి బొక్క మూసుకపోయింది!

కొత్త వాషర్, ఒక్కటంటె ఒక్కటే, పెట్టి బిగించి తిప్పిన. ఏం వచ్చినయ్ నీళ్ళు! బేసిన్ దాటి గోడకు చిల్లినయ్. "సుశీలా! వరద!" అని ఒర్రిన. ఆమె గంటె పట్టుకొని ఉరికొచ్చింది, చూసింది, నవ్వింది. తర్వాత మెల్లగ అన్నది: "మన పక్కింటామె సుత వేడినీళ్ళు సన్నగొస్తానయని ఏడుస్తాంది. వాళ్ళు పైపులు కొన్నది మన దగ్గర్నే గదా?"

"జర చిన్నగ మాట్లాడు!" అన్న.

తెల్లారి వియ్యంకుడు వచ్చిండు. రైలుబండి ఇడిసేముందు చక్రాలు చూసినట్టు వంగి చూసిండు, నల్లాను వేలితోని టకటక కొట్టిండు, తిప్పిండు. ఆవిరికి ఆయన కండ్లద్దాలు మసకబారినయ్! "భేష్ బావా! ఇసొంటియే కావాలె, ఇల్లంతటికి" అన్నడు. నా ఛాతి ఎంత ఉబ్బిందో అడుగకుండ్రి.

ఉప్మా తినుకుంట ఇంకో మాటన్నడు. "పైపులకు కొసరు వాషర్లు ఇస్తవట గదా. నాకు జర ఎక్కువనే ఎయ్యి."

వంటింట్ల సుశీల కొంగు నోట్ల కుక్కుకున్నది.

"బావగారూ, మీకు మాత్రం కొసరు ఇయ్య" అన్న.

"ఊరందరికి ఇచ్చి వియ్యంకునికి ఇయ్యవా?"

అసలు సంగతి చెప్తే కాజీపేట ప్లాట్‌ఫారం మీద అనౌన్స్‌మెంటే అయితది. "ఇయ్య" అన్న గట్టిగ.

నిన్న మా బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, మా మామ అందరికి చెప్తాండు, నువ్వు ఎంగిలి చేత్తోని కాకిని సుత తోలవని!" చెప్పుకోనీ! నా దగ్గర పైపులు కొన్నోళ్ళల్ల వేడినీళ్ళు దబదబ వచ్చే ఇల్లు ఆయనదొక్కటే అయితది. నా కొసరు ముట్టనిది ఆ ఇల్లొక్కటే మరి!