అరుపులక్కకు దక్కిన ఒక్క మాట

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ అరుపులక్క అనేవారు. తెరమీద జనం ప్రాణభయంతో పరుగెత్తుతుంటే, మైకు ముందు నిలబడి వాళ్ల తరఫున కేకలు పెట్టడం ఆమె పని. నోరుంటే చాలదు దానికి. మంటను చూసినవాడి కేక కడుపులోంచి లేస్తుంది; పైనుంచి పడేవాడిది పోనుపోనూ పలచబడుతుంది; బిడ్డ చెయ్యి జారిన తల్లి కేకకు మొదట చప్పుడే ఉండదు. ఏ శాస్త్రంలోనూ రాయని సంగతులివి. ఎంత చదివినవాడికైనా తన మీదికి వచ్చినప్పుడే తెలుస్తాయి.

ఎగిరే వీరుడి సినిమా మొదటి భాగంలో వంతెన కూలినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టి విన్న ఆ తల్లి కేక ఆమెదే. ఆ పుణ్యాన రెండో భాగంలో ఓ మాట దక్కింది: "నా బిడ్డ లోపలే ఉన్నాడు, ఎవరైనా రండి!" జన్మంతా అరిచిన మనిషికి అదే మొదటి మాట. వంటింట్లో, మెట్లమీద, ఎక్కడపడితే అక్కడ వల్లె వేసింది.

రెండో భాగానికి డబ్బు నీళ్లలా పోశారు. ఈసారి కూలేది వంతెన కాదు, నగరాలకు నగరాలే. "ఇంకొక్కటి అక్కా, ఇంకాస్త పైకి," అంటూ సౌండ్ ఇంజనీరు ఆమెను పిండేశాడు. చిట్టచివరికి మాట చెప్పించాడు. ఇంటికి చేరేసరికి గొంతు పూడుకుపోయింది. డాక్టరు చూసి, పాత గొంతు ఇక రాదన్నాడు.

"పోతే పోయింది, మాట మిగిలిందిగా," అని సరిపెట్టుకుంది.

సినిమా రాగానే భర్తను వెంటబెట్టుకు వెళ్లింది. మొదటి నగరం కూలింది. వినబడింది వంతెన నాటి కేక! మరో నగరం, మళ్లీ అదే. ముసలమ్మ నోటా అదే, నర్సు నోటా అదే. చివరికి తను మాట చెప్పిన తల్లి పాత్ర కిటికీలోంచి నోరు తెరిచింది. మాట రాలేదు. అదే కేక.

మర్నాడు స్టూడియోకి వెళ్తే ఇంజనీరు నవ్వాడు. "కొత్తవాటిలో జీర వినబడుతోందక్కా. మాటా నప్పలేదు. పాత కేకే అన్నిచోట్లా అతికించాం. మూడో భాగానికి నువ్వు రానక్కర్లేదులే, నీ అరుపు మా దగ్గరుందిగా!"

భర్త తీర్పు ఇంకోరకం. "దండగమారి సినిమా. అప్పుడు ఒక్క వంతెన కూలితే గుండె ఆగింది. ఇప్పుడు లోకమంతా కూలుతుంటే కునుకు పట్టింది. నీ అరుపుకే కాస్త మెలకువొచ్చింది."

"అది పాతదండీ..."

"ఏంటీ? గట్టిగా చెప్పవే."



ఇప్పుడు భోజనానికి పిలవాలంటే గరిటెతో కంచం మీద కొడుతుంది. మొన్నా అలాగే కొట్టింది. ముందుగదిలో టీవీ హోరెత్తుతోంది.

"వస్తున్నా, ఆపవే ఆ గోల!" అని కసిరాడు భర్త. "వంతెన కూలబోతోంది, నీ అరుపు విననీ!"