అమీన్ విఠల్ రావు గారి మీద నా అసూయ

ముసురు పట్టిన రోజున మా వీధిలో ఎవరైనా తడిసిన గొంగడి ఆరేస్తే ఆ వాసన నేరుగా నా గదిలోకి వస్తుంది. మనవరాలు ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసనతో పాటు విఠల్ రావు గారు కూడా లోపలికి వచ్చి, పిలవని చుట్టంలా కూర్చుంటారు. నైజాం రాజ్యంలో పోలీసు స్టేషను అధికారిని అమీన్ అనేవారు. యూనియన్ మిలిటరీ వచ్చాక బెజవాడ వైపు పోలీసునైన నన్ను కోదాడ మీదుగా తెచ్చి హుజూర్‌నగర్ దగ్గర ఆయన కింద వేశారు. చట్టం నాకు కంఠతా వచ్చు, గురి తప్పేవాణ్ణి కాదు. ఆయన చొక్కాకు ఇస్త్రీ కూడా ఉండేది కాదు. మొదట్లో జాలిపడ్డాను. ఆ జాలి కాస్తా ఎప్పుడు అసూయ అయిందో గాని, ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పట్లో కృష్ణ ఒడ్డు గుట్టల్లో తుపాకులు పట్టిన కుర్రాళ్ళు ఉండేవారు. దొరల మీద పోరుతో మొదలుపెట్టి కొత్త సర్కారు మీద కూడా తిరగబడ్డారు. ఒక ఊరి పటేల్‌ను చంపారు. మిలిటరీ క్యాంపుకు తెలిసిన మందు ఒక్కటే, ఊరిని కొట్టడం. గుట్టల్లో ఉన్నవాడి ఇంట్లో కాలు పెట్టినవాణ్ణి క్యాంపుకు పంపుతామని నేనూ చాటింపు వేయించాను. ఆ గుట్టల్లో బీరయ్య ఒకడు. వాడి తల్లి కొమురమ్మకు గొర్రెల మంద ఉంది. ఉన్ని కత్తిరించడం ఒంటరిగా అయ్యే పని కాదు. కూలి లేకుండా ఇవాళ నీ మంద, రేపు నా మంద అని అందరూ కలిసి కత్తిరించుకుంటారు. నా చాటింపుతో ఆమె గడప ఎవరూ తొక్కలేదు. వానలు మొదలై ఉన్ని నానిపోయి గొర్రెలు రోగాన పడుతున్నాయి.

ఈ సంగతి విని అమీన్ గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. బూట్లు విప్పి, ఒక గొర్రెను పడుకోబెట్టి కాళ్ళు పట్టుకున్నారు.

"కత్తెర పట్టు కొమురమ్మా. కాళ్ళు నేను పడుత."

"హంతకుల్లో కలిసినవాడి తల్లికి మనం ఊడిగం చెయ్యాలా అండీ?" అన్నాను.

"వానికి శిక్ష కోర్టు ఏస్తది. గొర్లేం జేసినయ్? ఈమెను సతాయిస్తే గుట్టకు ఇంకో నలుగురు పోతరు. సర్కారంటే భయమొక్కటే ఉంటే సాలదు, నమ్మకం గూడ ఉండాలె."

చూస్తుండగానే పక్కింటివాళ్ళు కత్తెరలు పట్టుకుని వచ్చారు. వాకిలి నిండిపోయింది. నాకు ఎవరూ పని చెప్పలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తుపాకీతో దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళబోతూ ఆయన, "నీ కొడుకును రమ్మను. తప్పుకు శిక్ష పడ్తది గని తొవ్వల పానం పోదు" అన్నారు.

"క్యాంపుకు పట్టుకపోయినోళ్ళు మల్ల రాలే అమీన్ సాబ్" అంది కొమురమ్మ.

"గందుకే నేను ఎంట ఉంట."

కొన్నాళ్ళకు పట్టపగలు బీరయ్య స్టేషనుకు వచ్చాడు. వరండాలో నేనే ఉన్నాను. అలాంటి రోజు కోసం ఎన్ని కలలు కన్నానో! "తుపాకీ ఇక్కడ పెట్టు" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "అమీన్ సాబ్ ఏడి?" అన్నాడు. లోపల అన్నం తింటున్న ఆయన ఎంగిలి చేత్తోనే వచ్చారు. తుపాకీ ఆయనకిచ్చాడు. నా కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. అంతలో క్యాంపు జీపు వచ్చింది, వాణ్ణి అప్పగించమని ఆఫీసరు గద్దించాడు.

"మాటిచ్చిన సార్. జడ్జి ముంగట నిలబెట్టినంకనే ఇడుస్త. కాదంటే నన్ను గూడ తీస్కపోండ్రి" అని ఆ జీపులోనే వాడి పక్కన కూర్చుని మిర్యాలగూడ కోర్టు దాకా వెళ్ళారు. బీరయ్యకు జైలు పడింది, ప్రాణం మాత్రం దక్కింది. ఆ తర్వాత ఇంకొందరు దిగి వచ్చారు. అందరూ ఆయన పేరే అడిగారు.

ఆయన అమీన్‌గానే రిటైరయ్యారు. నేను పెద్ద కుర్చీలు ఎక్కాను. పతకాలు వచ్చాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఆయన మాటలే పాఠంగా చెప్పాను, ఆయన పేరు మాత్రం నోట రానివ్వలేదు. ఎందరినో వెంటాడి పట్టుకున్నాను. తనంతట తాను నడిచి వచ్చి నా పేరు అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.